ఇంజన్ ఆయిల్‌లో కూలెంట్ కలిసిందా? హెడ్డు దించే ముందు ఇలా తేల్చుకోండి

ఆయిల్ క్యాప్ తిప్పి చూస్తే లోపలి వైపు తెల్లగా, ముద్దగా ఏదో అంటుకుని ఉంటుంది. అది చూడగానే హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాలి అనే మాట ఎవరో ఒకరి నోట వచ్చేస్తుంది. పాత బండి అయితే ఇంకా తొందరగా వస్తుంది. గ్యాస్కెట్ అంటే ఇంజన్ పై భాగమైన హెడ్డుకూ కింది బ్లాక్‌కూ మధ్య సీలుగా ఉండే పలచటి రేకు. నిజంగానే పోయి ఉండొచ్చు కూడా. కానీ ఆయిలూ, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటూ కలవడానికి గ్యాస్కెట్ ఒక్కటే దారి కాదు, అసలు ఆ తెల్లటి ముద్దకు కూలెంట్‌తో ఏ సంబంధమూ లేని సందర్భాలు కూడా బోలెడు. అంతా విప్పేశాక గ్యాస్కెట్ శుభ్రంగా ఉందని తెలిస్తే అప్పుడు చేసేదేమీ ఉండదు. అందుకే విప్పకముందే కొన్ని రోజులు ఓపిగ్గా చూడండి.

మొదటి నుంచి చివరి దాకా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఏది దేంట్లోకి వెళ్ళింది? ఆయిల్ వెళ్ళి కూలెంట్‌లో పడిందా, కూలెంట్ వెళ్ళి ఆయిల్‌లో పడిందా, లేక రెండూనా? ఈ దిక్కు తెలిస్తే లీకు ఎక్కడ ఉండొచ్చో దాదాపు బయటపడుతుంది. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు జాగ్రత్తలు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ గానీ, కూలెంట్ ట్యాంక్ మూత గానీ తీయొద్దు. లోపల ప్రెషర్ ఉండబట్టే 100 డిగ్రీలు దాటినా నీళ్ళు మరగకుండా ఉంటాయి, మూత వదులైన మరుక్షణం మరిగి మొహం మీదకు ఎగజిమ్ముతాయి. చల్లారాక కూడా గుడ్డ వేసి మెల్లగానే తిప్పండి. ఇంకోటి, కూలెంట్‌ను వేలితో నాకి తియ్యగా ఉందో లేదో చూసే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది, అది మానేయండి. అందులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. కింద పడిన కూలెంట్‌ను కుక్కలు గానీ చిన్నపిల్లలు గానీ ముట్టకుండా వెంటనే తుడిచేయండి, బయటికి తీసిన దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

కలిసిందని గట్టి అనుమానం ఉంటే బండి నడపడం ఆపేయండి. ఇంటిదాకా వెళ్దాంలే అనుకోవద్దు. కూలెంట్ కలిసిన ఆయిల్‌కు బేరింగుల దగ్గర పొరగా నిలబడే బలం ఉండదు, పైగా గ్లైకాల్ వేడికి విరిగి ఆమ్లాలుగా మారి బేరింగు లోహాన్నే తింటుంది. గ్యాస్కెట్‌తో పోయేది కాస్తా క్రాంక్ దాకా పోతుంది.

ముందు డిప్‌స్టిక్, తర్వాతే ఆయిల్ క్యాప్

ఆయిల్ క్యాప్ నమ్మదగ్గ సాక్షి కాదు. అది ఇంజన్‌లో అన్నిటికన్నా పైన, చల్లగా ఉండే చోటు. ఇంజన్ లోపలి గాలిలోని తేమ, పెట్రోలు మండినప్పుడు పుట్టే ఆవిరి అక్కడికి చేరి చెమ్మగా మారి, ఆయిల్ తుంపరతో కలిసి తెల్లటి ముద్ద అవుతాయి. బండిని రోజూ ఐదు నిమిషాలు మాత్రమే నడిపి ఆపేసేవాళ్ళకు, చలికాలంలో ఇది మామూలే. కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోయినా, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగే పీసీవీ వాల్వ్ గానీ దాని పైపు గానీ మూసుకుపోయినా ఇంతే.

కాబట్టి ముందు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, తీయండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక, స్టార్ట్ చేయకముందు తీస్తే మంచిది. స్టిక్ పై భాగంలో కొంచెం తెల్లగా ఉంటే అదీ చెమ్మే కావచ్చు, గొట్టం పై భాగం కూడా చల్లగానే ఉంటుంది. మీరు చూడాల్సింది అడుగు కొసను, మినిమమ్ మాక్సిమమ్ గీతల మధ్య. ఒక తెల్ల కాగితం మీద ఆ కొసను గీసి వెలుతురులో పట్టుకోండి. పాత ఆయిల్ నల్లగా ఉన్నా పలచటి చోట గోధుమ రంగులో మెరుస్తూ, అవతలి వెలుతురు కనిపించేలా ఉంటుంది. కూలెంట్ కలిసిన ఆయిల్ అలా ఉండదు. పాలు ఎక్కువైన కాఫీ రంగులోకి వచ్చి, మెరుపు పోయి, వెలుతురు అవతలికి పోనంత మబ్బుగా ఉంటుంది. కొన్నిసార్లు రంగు మారకుండానే చిన్న చిన్న నీటి బొట్లు స్టిక్‌కు అంటుకుని కనిపిస్తాయి. అదింకా తొలి దశ అన్నమాట.

లెవెల్ కూడా చూడండి. మీరు పోయకుండానే ఆయిల్ లెవెల్ మాక్సిమమ్ గీత దాటి పైకి వచ్చిందంటే ఏదో వచ్చి కలుస్తోంది. అది కూలెంటే అని మాత్రం అప్పుడే అనుకోకండి. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో, ఇంజన్‌కు బిగించి ఉండే మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. లెవెల్ పెరుగుతుంది, ఆయిల్ నీళ్ళలా పలచబడుతుంది, కానీ తెల్లబడదు. వాసన చూస్తే తెలిసిపోతుంది.

డిప్‌స్టిక్ కొస శుభ్రంగా ఉండి క్యాప్ దగ్గర మాత్రమే ముద్ద ఉంటే ఇలా చేయండి. క్యాప్‌ను, అది కూర్చునే గొట్టాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఎక్కడిదాకా ఉందో ట్యాంక్ మీద సన్నటి టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. తర్వాత వారం రోజులు బండిని కనీసం అరగంట, ముప్పావు గంట పాటు పూర్తి వేడి మీద నడిపేలా చూసుకోండి. ముద్ద మళ్ళీ రాలేదు, కూలెంట్ టేపు దగ్గరే ఉంది అంటే చెమ్మ తప్ప ఇంకేం లేదు, టెన్షన్ వదిలేయండి. కూలెంట్ రోజురోజుకూ దిగుతూ బయట ఎక్కడా చుక్క కారడం లేదంటే మాత్రం కింద చెప్పే పనులన్నీ చేయాల్సిందే.

కూలెంట్ వైపు ఏముందో చూడండి

ఇంజన్ చల్లారాక ట్యాంక్ మూత, రేడియేటర్‌కు విడిగా క్యాప్ ఉంటే అదీ తీయండి. ఆయిల్ వచ్చి పడితే ట్యాంక్ గోడల మీద, క్యాప్ అడుగున గోధుమ రంగు జిడ్డు పేరుకుంటుంది. పైన తేలే ఆయిల్ పొర టార్చ్ వెలుతురులో రంగులు రంగులుగా మెరుస్తుంది.

అయితే గోధుమ రంగు కనపడగానే ఆయిలే అనుకోకూడదు. తుప్పు కూడా అదే రంగు. లోగడ ఎవరో లీకు ఆపడానికి పోసిన స్టాప్‌లీక్ పొడి మిగిలినా అలాగే ఉంటుంది. పడని రెండు రకాల కూలెంట్లు కలిపితే జిగటగా ముద్దకట్టేసే అవకాశమూ ఉంది. తేడా పట్టడానికి కొంచెం తీసి గ్లవుజు వేసుకున్న వేళ్ళ మధ్య నలపండి. తుప్పు ఇసకలా గరగరమంటుంది. ఆయిల్ జారుతుంది, నీళ్ళతో కడిగితే వదలదు. ఇంకా నమ్మకం కుదరకపోతే ఆ జిడ్డును గాజు సీసాలో వేడినీళ్ళలో వేసి గట్టిగా ఊపి పక్కన పెట్టండి. ఆయిల్ ఉంటే కాసేపటికి పైకి తేలి పొర కడుతుంది, తుప్పయితే అడుక్కి దిగుతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి అయితే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. చాలా బండ్లలో ఆ గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే కూలెంట్‌లో కనపడేది ఇంజన్ ఆయిల్ కాదు, ఎర్రటి గేర్‌బాక్స్ ఆయిల్, కలిశాక గులాబీ రంగు చిక్కటి ద్రవం అవుతుంది. ఇంజన్‌కు ఇందులో ఏ పాత్రా లేదు, హెడ్డు ముట్టుకోనక్కర్లేదు. కానీ ఇది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు, కూలెంట్ అటువైపు వెళ్ళి గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ను ఊడదీస్తుంది. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ ఉంటే అదీ తీసి చూడండి, గులాబీ రంగు కనపడితే బండి కదపొద్దు.

ఈ బండి మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, ఆ జిడ్డు ఎప్పటి నుంచో ఉన్నదేమో కూడా ఆలోచించండి. పాత ఓనరు రిపేరు చేయించి కూలింగ్ సిస్టమ్ సరిగ్గా కడిగించకపోతే అది నెలల తరబడి అలాగే తేలుతూ ఉంటుంది. ఎవరో పొరపాటున కూలెంట్ ట్యాంకులో ఆయిల్ పోయడం కూడా జరిగే పనే, నవ్వొద్దు. ఆయిల్ లెవెల్ దిగడం లేదు, ఓవర్‌హీట్ లేదు అంటే ఒకసారి శుభ్రంగా కడిగి కొత్త కూలెంట్ పోసి, మళ్ళీ వస్తుందో లేదో చూడటమే అసలు పరీక్ష.

దిక్కు ఎందుకు ముఖ్యమంటే

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ మామూలుగా 2 నుంచి 4 బార్ దాకా ఉంటుంది. కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ క్యాప్ మీద రాసి ఉన్నదానికి మించదు, అది చాలా బండ్లలో 1 బార్‌కు అటూ ఇటూ. అంటే ప్రెషర్‌తో ప్రవహించే ఆయిల్ దారికీ కూలెంట్ దారికీ మధ్య చిల్లు పడితే, ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆయిలే కూలెంట్‌లోకి దూరుతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అయిపోతుంది. వేడిగా ఉన్న కూలెంట్‌లో ప్రెషర్ మాత్రం చల్లారేదాకా మిగిలే ఉంటుంది కాబట్టి అప్పుడది వెనక్కి, ఆయిల్‌లోకి కొద్దిగా కారవచ్చు. కొద్దిగానే.

దీని నుంచి రెండు రకాల బండ్లు తేలతాయి.

మొదటిది, కూలెంట్ నిండా ఆయిల్, కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది, పొగ లేదు, ఓవర్‌హీట్ లేదు, ఇంజన్ నున్నగా నడుస్తోంది. ఇక్కడ నా మొదటి అనుమానం ఆయిల్ కూలర్ మీదే. అన్ని పాత బండ్లకూ ఇది ఉండదు, చిన్న పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి లేదు. ఆయిల్ ఫిల్టర్ బిగించే చోట, ఫిల్టర్‌కూ బ్లాక్‌కూ మధ్య అరచేతి మందాన ఒక పెట్టెలాంటిది ఉండి దానికి రెండు రబ్బరు నీళ్ళ పైపులు వచ్చి కలుస్తుంటే అదే ఆయిల్ కూలర్. కొన్ని ఇంజన్లలో పైపులు లేకుండా నేరుగా బ్లాక్ పక్కన మూత కింద బిగించి ఉంటుంది, ముఖ్యంగా డీజిల్ ఇంజన్లలో. లోపలి పలకలు తుప్పు పట్టో, దాని ఓరింగులు (సీలుగా ఉండే రబ్బరు వలయాలు) ఎండిపోయో లీకవుతుంది. హెడ్డు దించే పనితో పోలిస్తే దీన్ని మార్చడం చాలా చిన్న పని. కూలర్ లేని ఇంజన్‌లో ఇదే లక్షణం ఉంటే, హెడ్‌కు ఆయిల్ పైకి వెళ్ళే ప్రెషర్ దారి పక్కన గ్యాస్కెట్ తెగి ఉండొచ్చు.

రెండోది, ఆయిల్ తెల్లబడింది, కూలెంట్ లెవెల్ దిగుతోంది, కానీ ట్యాంకులో ఆయిల్ చుక్క లేదు. అంటే కూలెంట్ ప్రెషర్ లేని చోటికి కారుతోంది. హెడ్ నుంచి ఆయిల్ కిందికి తిరిగొచ్చే దారులకు ప్రెషర్ ఉండదు, వాటి పక్కన గ్యాస్కెట్ తెగితే ఇలాగే అవుతుంది. కానీ ఇంకా దారులున్నాయి. వి ఆకారం ఇంజన్లలో, సిలిండర్లకు గాలి తీసుకెళ్ళే ఇంటేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర కూలెంట్ దారి ఉంటే, అక్కడి నుంచి కారినది నేరుగా ఇంజన్ మధ్యలోకి దిగి ఆయిల్‌లో పడుతుంది. వాటర్ పంపు టైమింగ్ కవర్‌కు బిగించి, నీళ్ళ దారి ఆ కవర్ గుండా పోయే ఇంజన్లలో కవర్ గ్యాస్కెట్ పోయినా అంతే. పంపు టైమింగ్ చైన్‌తోనే తిరుగుతూ ఇంజన్ లోపలే ఉండే డిజైన్లలో పంపు సీలు పోతే కూలెంట్ బయట కారదు, లోపల సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, పోతుంది. వెట్ లైనర్ ఇంజన్లలో (సిలిండర్ గొట్టాలైన లైనర్లకు కూలెంట్ నేరుగా తగిలే రకం) లైనర్ల అడుగున ఉండే ఓరింగులు గట్టిపడి వదిలేస్తాయి. వీటిలో దేనికీ హెడ్ గ్యాస్కెట్‌తో సంబంధం లేదు.

రెండు వైపులా కలిసి, దాంతోపాటు ఓవర్‌హీట్ అయిన చరిత్ర, తెల్లటి పొగ, మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఉంటే మాత్రం హెడ్ వైపే వేలు చూపించాలి. గ్యాస్కెట్, లేదా వంగిన హెడ్, లేదా క్రాక్. మీ ఇంజన్‌లో పైన చెప్పిన దారుల్లో ఏవి ఉన్నాయో సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. లేని దారుల గురించి ఆలోచించి తల పాడుచేసుకోవడం దండగ.

సంప్ నట్టు పరీక్ష

పనిముట్లు పెద్దగా అక్కర్లేని పరీక్షల్లో నాకు బాగా నచ్చేది ఇదే. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు. బండి రాత్రంతా కదలకుండా ఉంటే, ఆయిల్‌తో ఇంకా చిలకబడని కూలెంట్ మెల్లగా దిగి సంప్ అడుక్కి చేరుతుంది. పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా, డ్రెయిన్ నట్టు కింద ఒక గాజు సీసా పట్టుకుని నట్టును మెల్లగా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు, చుక్కలు పడితే చాలు. కూలెంట్ ఉంటే ముందు ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్ళ చుక్కలు వస్తాయి, వాటి వెనక నల్లటి ఆయిల్ దిగుతుంది. ఆ మార్పు గాజులో స్పష్టంగా కనపడుతుంది. మొదటి చుక్క నుంచే నల్లగా, మెరుస్తూ ఆయిల్ వస్తే కనీసం పెద్ద లీకు లేనట్టే. నట్టు బిగించేయండి. బండికి కింద స్టాండ్లు పెట్టకుండా, కేవలం జాకీ మీద లేపి కింద దూరడం మాత్రం చేయొద్దు.

ఇంజన్ అప్పటికే నడిచి బాగా చిలికేసి ఉంటే విడిగా నీళ్ళు రావు, అంతా ఒకే చిక్కటి లేత గోధుమ రంగులో వస్తుంది. అప్పుడిక అనుమానమే లేదు.

చిన్న మొత్తంలో నీళ్ళున్నాయేమో అని అనుమానముంటే చిటపట పరీక్ష ఉంది. ఒక లోహపు పలకను కరెంటు హాట్‌ప్లేట్ మీద 150 డిగ్రీలకు కొంచెం పైగా వేడిచేసి, ఆరుబయట, కళ్ళద్దాలు పెట్టుకుని, దాని మీద ఒక చుక్క ఆయిల్ వేయండి. నీళ్ళుంటే బుడగలు లేచి చిటపటమంటుంది, లేకపోతే మౌనంగా పరుచుకుని సన్నగా పొగొస్తుంది. మంట మీద నేరుగా చేయొద్దు. దీనికి రెండు లోపాలు. చెమ్మ వల్ల చేరిన నీళ్ళకూ ఇది చిటపటమంటుంది. ఇంకోవైపు, బండి చాలాసేపు వేడిమీద నడిస్తే కూలెంట్‌లోని నీళ్ళు ఆవిరైపోయి గ్లైకాల్ మాత్రమే ఆయిల్‌లో మిగిలి, చిటపట రాకపోవచ్చు. అలాంటి గందరగోళంలో ఆయిల్ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపడం మేలు. రిపోర్టులో గ్లైకాల్, సోడియం, పొటాషియం ఎక్కువగా ఉన్నాయంటే అది చెమ్మ కాదు, కూలెంటే.

సిలిండర్ సంగతి తేల్చడం

పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ఠక్కుమని అడ్డంపడినట్టు ఆగిపోతే మళ్ళీ మళ్ళీ కొట్టకండి. సిలిండర్‌లో కూలెంట్ నిండి ఉండొచ్చు. పిస్టన్ ఎంత నొక్కినా నీళ్ళు తగ్గవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులన్నీ తీయండి.

ఎలాగూ తీస్తారు కాబట్టి ప్లగ్గులను సిలిండర్ల వరసలోనే పెట్టి పక్కపక్కన చూడండి. మిగతావన్నీ గోధుమ రంగు మసితో ఉండి ఒక్కటి మాత్రం కొత్తదానిలా తెల్లగా, కడిగినట్టు ఉంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోంది, ఆవిరి దాన్ని శుభ్రం చేసేసింది. చిన్న కెమెరా ఉంటే పిస్టన్ పై భాగం కూడా చూడండి, అక్కడా అదే తేడా ఉంటుంది.

పొగ విషయానికొస్తే, చలిలో స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి రావడం సహజం. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా చిక్కగా, తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే అది కూలెంట్ పొగ. ఇంకో చిన్న పరీక్ష, పూర్తిగా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి పై రేడియేటర్ హోస్‌ను పట్టుకోండి, ఫ్యాన్‌కూ బెల్టుకూ చెయ్యి దూరంగా. హోస్ ఇంకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లోనే రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోంది. వేడివల్ల ప్రెషర్ పెరగడానికి అంత తక్కువ టైము చాలదు.

బ్లాక్ టెస్టర్ దొరికితే అది దీన్ని ఖాయం చేస్తుంది. అందులోని నీలం ద్రవం గుండా కూలెంట్ పైనున్న గాలిని లాగుతారు, కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం కాస్తా పసుపు అవుతుంది. టెస్టర్ పెట్టే ముందు రేడియేటర్‌లో కూలెంట్‌ను రెండు అంగుళాల మేర తగ్గించండి, లేకపోతే కూలెంటే టెస్టర్‌లోకి ఎక్కి ద్రవం పాడవుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టెస్టర్ పెట్టి, తర్వాత స్టార్ట్ చేసి వేడెక్కనివ్వండి, వేడి ఇంజన్ మూత తీసి పెట్టాల్సిన పని రాదు.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. బ్లాక్ టెస్ట్ నీలంగానే ఉంది, కంప్రెషన్ అన్ని సిలిండర్లలో సమానంగా ఉంది కాబట్టి గ్యాస్కెట్ బాగుంది అంటారు. అలా అనడానికి వీల్లేదు. ఆ రెండూ సిలిండర్‌కు సంబంధించిన లీకును మాత్రమే పడతాయి. గ్యాస్కెట్ తెగింది ఆయిల్ రంధ్రానికీ నీళ్ళ రంధ్రానికీ మధ్య అయితే సిలిండర్‌కు ఏమీ కాదు, కంప్రెషన్ కొత్త ఇంజన్‌లా చూపిస్తుంది. పక్కపక్క రెండు సిలిండర్లలో కంప్రెషన్ తగ్గితే గ్యాస్కెట్ మీద నేరం రుజువైనట్టే, బాగుంటే మాత్రం ఆయిల్ లీకు గురించి అది చెప్పేదేమీ లేదు.

ప్రెషర్ టెస్టర్‌తో చోటు పట్టడం

ఇక చోటు ఎక్కడో కళ్ళతో చూడాలంటే కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ కావాలి. చేత్తో కొట్టే పంపు, గేజ్, మీ బండి మూతకు సరిపోయే అడాప్టర్, అంతే. డ్రెయిన్ నట్టు తీసి, సంప్‌లో ఆయిల్ పూర్తిగా దింపేసి, కింద శుభ్రమైన ట్రే పెట్టండి. కూలెంట్ నిండుగా ఉంచి, పంపుతో క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా ఎక్కించండి. అంతకు మించి ఎక్కిస్తే బాగున్న హీటర్ కోర్ (బండి లోపల వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కూడా పగిలిపోవచ్చు. అరగంట చూడండి. ముల్లు దిగకపోతే రాత్రంతా వదిలేయండి, సన్నటి లీకులకు టైము పడుతుంది. ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు, సంప్ రంధ్రం నుంచి ఆకుపచ్చ చుక్కలు ట్రేలో పడుతున్నాయి అంటే కూలెంట్ లోపలికి కారుతున్నట్టు కళ్ళ ముందే తేలిపోయింది.

అక్కడితో ఆగకండి. మీ ఇంజన్‌లో సంప్ తీయడం తేలికైతే తీసేసి మళ్ళీ ప్రెషర్ ఎక్కించి, టార్చ్ వేసి కింద నుంచి పైకి చూడండి. చుక్క లైనర్ అంచు నుంచి పడుతుంటే ఓరింగులు. ముందు వైపు టైమింగ్ కవర్ వెంట కారుతుంటే ఆ కవర్ లేదా పంపు. పైనుంచి ఆయిల్ రిటర్న్ రంధ్రాల గుండా దిగుతుంటే హెడ్ లేదా ఇంటేక్ గ్యాస్కెట్, అప్పుడు వాల్వ్ కవర్ తీసి పైన కూడా తడి ఉందేమో చూస్తే ఆ రెంటినీ విడదీయొచ్చు. ఈ పనికి ఒక పూట పడుతుంది, కానీ ఊహల మీద హెడ్డు దించే బాధ తప్పుతుంది.

ఆయిల్ కూలర్ మీద అనుమానమైతే దాన్ని విప్పి విడిగా పరీక్షించండి. ఆయిల్ వైపు ఒక రంధ్రం మూసి, రెండో రంధ్రం నుంచి గాలిని 3 బార్ దాకా నెమ్మదిగా ఎక్కించి గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే, నీళ్ళ వైపు రంధ్రాల నుంచి బుడగలు వస్తే అది చెడిపోయినట్టు. వేడి మీద మాత్రమే తెరుచుకునే పగుళ్ళు కొన్ని ఉంటాయి కాబట్టి చల్లటి నీళ్ళలో ముంచి బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేయకండి. పాత కూలర్ మీద అంత అనుమానం ఉన్నప్పుడు, హెడ్డు దించడం కన్నా కూలర్ మార్చి చూడటమే నేను ముందు చేసే పని.

స్టాప్‌లీక్ డబ్బా సంగతి ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. ఆయిల్, కూలెంట్ కలిసే లీకుకు దాన్ని వాడకండి. చిల్లు మూసినా మూయకపోయినా హీటర్ కోర్‌నూ రేడియేటర్ సన్న గొట్టాలనూ మూస్తుంది, తర్వాత పెట్టే ఏ పరీక్షకూ సరైన జవాబు రాకుండా చేస్తుంది.

విప్పించే ముందు, బిగించాక

రిపేరుకు ఒప్పుకునే ముందు ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. వెండి రంగు, రాగి రంగు మెరుపు రేణువులు కనపడితే బేరింగులు అప్పటికే అరగడం మొదలైంది. గ్యాస్కెట్ ఒక్కటీ మార్చి బండి తీసుకెళ్తే కొద్ది రోజులకే అడుగు నుంచి చప్పుడు మొదలవుతుంది. కింది పని కూడా కలిపి లెక్కేసుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి.

హెడ్డు దించాల్సే వస్తే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి హెడ్ వంపు మీ ముందే కొలవమని అడగండి. ఎంతవరకు ఒప్పుకోవచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, సాధారణంగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ మధ్య. అది దాటితే ఫేసింగ్ (మెషీన్ మీద అరగదీసి సమం చేయడం) చేయించాలి, క్రాక్ టెస్ట్ కూడా చేయించాలి. బ్లాక్ పై భాగం కొలవడం చాలాచోట్ల మర్చిపోతారు, అదీ అడగండి. ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్ళీ వాడనివ్వొద్దు.

బిగించాక కడగడం సగం సగం చేస్తే పాత జిడ్డు మళ్ళీ తేలి, రిపేరు ఫెయిలైందని మీరే అనుకుంటారు. కూలెంట్ వైపు మామూలు గిన్నెల సబ్బు వాడితే నురగ ఆపలేరు, డిష్‌వాషర్ మెషీన్‌కు వాడే తక్కువ నురగ పొడి వేడినీళ్ళలో కరిగించి పోసి, హీటర్ ఆన్ చేసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆపి, చల్లారనిచ్చి బయటికి దింపేయండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి, చివర్లో ఉత్త నీళ్ళతో పొడి ఆనవాలు లేకుండా కడిగి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కొత్త కూలెంట్ పోయండి. ఆయిల్ తగిలిన రబ్బరు హోస్‌లు ఉబ్బి మెత్తబడతాయి, క్లిప్పు దగ్గర నొక్కి చూస్తే పిండిలా అణుగుతుంటే అన్నీ మార్చేయండి. రేడియేటర్ క్యాప్ రబ్బరుకూ అదే గతి.

ఆయిల్ వైపు తక్కువ రకం ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, రేస్ చేయకుండా పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో నడిపి, వేడిగా ఉండగానే దింపేయండి. తెల్లదనం పోయేదాకా ఇదే. తర్వాత అసలు ఆయిల్ పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అదీ ఫిల్టరుతో సహా మార్చండి. ఈ మధ్యలో ట్యాంక్ మీద మళ్ళీ టేపు అంటించి, ప్రతి ఉదయం చల్లటి ఇంజన్ మీద కూలెంట్ లెవెల్, డిప్‌స్టిక్ కొస చూస్తూ ఉండండి. ట్యాంకులో తేలే సన్నటి జిడ్డు పొర రోజురోజుకూ తగ్గుతుంటే అది పాత మురికి, తుడిచేస్తే పోతుంది. తుడిచాక మళ్ళీ పెరుగుతుంటే మీరు కాగితం మీద రాసుకున్న దారుల్లో ఇంకోటి మిగిలి ఉంది, ప్రెషర్ టెస్టర్ మళ్ళీ తీయండి.